హోటల్ గుమ్మం నుంచి అలల అంచు దాకా

సముద్రానికి ఎదురుగా గది తీసుకుని, పొద్దున్నే లేచి ఒడ్డు వెంట నాలుగు మైళ్ళు నడిచి రావడం ఇవాళ మధ్యతరగతి కుటుంబానికి కూడా అందుబాటులో ఉన్న సరదా. విశాఖలో అయినా, పుదుచ్చేరిలో అయినా, కొలంబోలో అయినా అదే దినచర్య. ఇది అనాదిగా ఉన్న అలవాటే అనిపిస్తుంది గానీ దీని వయసు గట్టిగా మూడు వందల ఏళ్ళు కూడా నిండలేదు. అంతకుముందు సముద్రం బతుకుతెరువు చోటు, ప్రాణభయం పుట్టించే చోటు, పుణ్యం కోసం మునిగే చోటు. ఊరికే చూస్తూ నడిచే చోటు మాత్రం కాదు.

ఈ మార్పు ఎలా వచ్చింది, ఆ నడకదారులు ఎవరు వేశారు, ఎవరి కోసం వేశారు, చివరికి ఎవరివి అయ్యాయి అన్నది దేశాలు చుట్టి వచ్చే కథ. ఆ కథ వెంట పోయేకొద్దీ నాకు ఒక సంగతి గట్టిగా తోస్తోంది. తీరంలో గొప్ప హోటల్ డబ్బున్నవాడు ఎక్కడైనా కట్టొచ్చు. దాని ముందున్న దారి ఊరందరిదీ అయినప్పుడే ఆ హోటల్‌కు ఒక ఊరంటూ ఉంటుంది, అందులో దిగినవాడికి నడకంటూ ఉంటుంది.

ముందు మన ఒడ్డు సంగతి. కోస్తాలో పాత పల్లెలు ఎక్కడ ఉన్నాయో చూడండి. ఇసుక దిబ్బల వెనకాల, తాటి తోపులూ మొగలి పొదలూ అడ్డుపెట్టుకుని ఉంటాయి. ఆ అమరిక వెనక చాలా చావులున్నాయి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనకు బందరు, దాని చుట్టుపక్కల ప్రాంతాల్లో ముప్పై వేల మంది దాకా పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన ఉప్పెన పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. అలాంటి నీటికి ఎదురుగా కిటికీ పెట్టుకోవాలని ఎవరికి అనిపిస్తుంది? పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని తాకకూడదని పెద్దలు చెప్పేవారు. మాఘ పౌర్ణమికో, కార్తీక పౌర్ణమికో, గ్రహణానికో జనం బళ్ళు కట్టుకుని వచ్చి, మూడు మునకలు వేసి, తడిబట్టలతోనే తిరుగుముఖం పట్టేవారు. మిగతా ఏడాదంతా ఆ ఒడ్డు జాలర్లదే.

ఈ భయం మధ్య ఒక్క మినహాయింపు ఉంది. అది మన దగ్గరే ఉంది. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే దారిలో తొట్లకొండ ఎక్కితే, బౌద్ధ భిక్షువులు ఉన్న విహారాల పునాదులు కనిపిస్తాయి. రెండు వేల ఏళ్ళ నాటివి. 1976లో నౌకాదళం విమానం మీంచి చేసిన సర్వేలో ఈ చోటు బయటపడింది. తర్వాత 1980ల చివర తవ్వకాలు మొదలయ్యాయి. వరసగా చిన్న చిన్న గదులు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, స్తూపం, అందరూ కూర్చుని తినే భోజనశాల. గది గుమ్మంలోంచి నాలుగడుగులు వేస్తే కింద బంగాళాఖాతం. చంక్రమణం, అంటే మనసు నిలుపుకుంటూ మెల్లగా నడవడం, భిక్షువుల దినచర్యలో భాగం. ఇంత పెద్ద కోస్తాలో సముద్రం కనిపించేలా బస కట్టుకుని, రోజూ నడిచినవాళ్ళలో తొలివారు వీళ్ళేనని నేను అనుకుంటాను. వాళ్ళు నీటి ఒడ్డున కట్టలేదు, కొండ మీద కట్టారు. ఆ తెలివి గురించి తర్వాత మళ్ళీ చెప్పుకోవాలి.

మనకు తెలిసిన రూపంలో ఈ సరదా ఇంగ్లండులో పుట్టింది. పుట్టించింది వైద్యులు. యార్క్‌షైర్ తీరంలో స్కార్‌బరో అనే ఊళ్ళో ఊటనీళ్ళు రోగాలు పోగొడతాయన్న పేరు పదిహేడో శతాబ్దంలోనే వచ్చింది. ఊటనీళ్ళు తాగడానికి వచ్చినవాళ్ళు పక్కనే ఉన్న సముద్రంలోనూ దిగారు. అసలు ఊపు మాత్రం డాక్టర్ రిచర్డ్ రస్సెల్ వల్ల వచ్చింది. 1750లో ఆయన గ్రంథులకు వచ్చే జబ్బులకు సముద్రపు నీరు మందని లాటిన్‌లో ఒక పుస్తకం రాశాడు. ఆ నీళ్ళలో మునగడమే కాదు, తాగమని కూడా రోగులకు చెప్పేవాడు. అప్పటికి బ్రైటన్ చేపలు పట్టేవాళ్ళ ఊరు. ఇళ్ళన్నీ సముద్రానికి వీపు తిప్పి కట్టుకున్నవే. చలిగాలికీ, తుపానుకూ భయపడి మన పల్లెలు ఎలా ఒదిగాయో వాళ్ళూ అలాగే ఒదిగారు. రస్సెల్ 1753లో ఆ ఊళ్ళో ఒడ్డు పక్కనే తన రోగుల కోసం పెద్ద ఇల్లు కట్టాడు. 1759లో ఆయన పోయాక ఆ ఇంటిని వచ్చే పోయే పెద్దమనుషులకు అద్దెకు ఇచ్చారు. 1826లో సరిగ్గా ఆ స్థలంలోనే రాయల్ అల్బియన్ హోటల్ లేచింది. వైద్యశాల నుంచి అద్దె ఇంటికి, అద్దె ఇంటి నుంచి హోటల్‌కు, మూడు తరాల చరిత్ర ఒకే పునాది మీద నడిచింది. 2023లో ఆ హోటల్ పెద్ద అగ్నిప్రమాదంలో బాగా దెబ్బతింది.

తర్వాత నాలుగో జార్జిగా రాజైన యువరాజు 1783లో బ్రైటన్ రావడంతో ఊరి జాతకమే మారింది. ఆ వైభవంలో ఒక భారతీయుడి పేరు కూడా చెప్పుకోవాలి. షేక్ దీన్ మహమ్మద్ 1759లో పాట్నాలో పుట్టాడు. పిల్లవాడిగానే కంపెనీ సైన్యంతో కలిసి తిరిగాడు, ఐర్లండు చేరాడు, 1794లో తన ప్రయాణాల మీద ఇంగ్లీషులో పుస్తకం అచ్చు వేశాడు. ఒక భారతీయుడు ఇంగ్లీషులో రాసి ప్రచురించిన తొలి పుస్తకంగా దాన్ని లెక్కిస్తారు. 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ పెట్టి నష్టపోయాడు. అంతటితో కుంగిపోకుండా 1814లో బ్రైటన్ వచ్చి, సముద్రానికి ఎదురుగా ఆవిరి స్నానాల శాల తెరిచాడు. మూలికల ఆవిరి పట్టి, నూనెతో ఒళ్ళు మర్దన చేసే మన దేశపు పద్ధతినే అక్కడి కీళ్ళ నొప్పుల వాళ్ళకు అందించాడు. ఇద్దరు రాజులకు, నాలుగో జార్జికీ నాలుగో విలియమ్‌కూ, ఆ సేవ చేసిన గౌరవం ఆయనకు దక్కింది. ఆ స్నానశాల ఉన్న చోట ఇప్పుడు క్వీన్స్ హోటల్ ఉంది. సముద్రతీర హోటళ్ళలో స్పా అనే సదుపాయం ఇవాళ లేనిదెక్కడ? ఆ సౌఖ్యానికి మూలపురుషుల్లో మన పాట్నావాడు ఒకడని చాలామంది మనవాళ్ళకు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

నడక ఎప్పుడు మొదలైందంటే, రోగులు తీరిక మనుషులైనప్పుడు. పొద్దున మునక అయిపోతుంది. మిగతా రోజంతా ఏం చెయ్యాలి? నలుగురికీ కనిపించేలా, నలుగురినీ చూస్తూ నడవాలి. అందుకోసం ఒడ్డు వెంట చదును చేసిన బాటలు వేశారు. బ్రైటన్‌లో 1823లో కట్టిన చెయిన్ పియర్ మొదట ఫ్రాన్సు వెళ్ళే ఓడలు ఎక్కడానికి ఉద్దేశించింది. జనం మాత్రం ఎక్కువగా దాని మీద షికారు చేశారు, అది కూడా పైసలు కట్టి. 1896 డిసెంబరు తుపానులో అది కొట్టుకుపోయింది. 1841లో రైలు వచ్చి, లండన్ నుంచి పొద్దున బయలుదేరి సాయంత్రానికి తిరిగి వెళ్ళే కూలీనాలీ కూడా ఆ ఒడ్డు మీదికి వచ్చాక, షికారు దొరల సొత్తు కాకుండా పోయింది. 1871లో బ్యాంకు సెలవుల చట్టం, 1938లో జీతంతో కూడిన సెలవుల చట్టం వచ్చాయి. చట్టం చేసి సెలవు ఇస్తే తప్ప శ్రమజీవి కాలు నిశ్చింతగా సముద్రపు ఇసుకను తొక్కలేదు. ఆ రెండు చట్టాలూ లేకపోతే బ్లాక్‌పూల్ లాంటి ఊళ్ళకు ఆ కళ వచ్చేది కాదు.

హోటళ్ళు ఆ రైలు వెంటే పెరిగాయి. 1864లో బ్రైటన్‌లో గ్రాండ్ హోటల్ తెరుచుకుంది. 1867లో స్కార్‌బరో గ్రాండ్ హోటల్ వచ్చింది. దాన్ని గీసిన కథ్‌బర్ట్ బ్రాడ్రిక్ ఒక ఏడాది కాలాన్నే భవనంగా కట్టాడు. నాలుగు ఋతువులకు నాలుగు బురుజులు, పన్నెండు నెలలకు పన్నెండు అంతస్తులు, వారాలకు 52 పొగగొట్టాలు, రోజులకు 365 గదులు. స్నానాల తొట్టెలకు మంచినీటి కొళాయిలతో పాటు సముద్రపు నీటి కొళాయిలు కూడా విడిగా బిగించారు. అలల దాకా వెళ్ళే శ్రమ లేకుండా సముద్రాన్నే గదిలోకి తెచ్చి ఇచ్చారన్నమాట. సౌఖ్యం అనేది అక్కడితో ఆగలేదు. లిఫ్టు వచ్చింది, విద్యుద్దీపం వచ్చింది, గదికో స్నానాలగది వచ్చింది. ఆ చిట్టా అంతా చెప్పుకుంటూ పోతే హోటళ్ళ ప్రకటన అవుతుంది.

ఈలోగా ఫ్రాన్సు దక్షిణ తీరంలో మరో రకం నడకదారి పుట్టింది. నీస్ అప్పటికి ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజ్యంలో ఉంది. 1763లో టోబియాస్ స్మాలెట్ అనే రచయిత ఆరోగ్యం కోసం అక్కడికి వచ్చి సముద్రస్నానం చేస్తుంటే స్థానికులు వింతగా చూశారట. చలికాలం గడపడానికి వచ్చే ఇంగ్లీషువాళ్ళు ఏటేటా పెరిగారు. 1820ల తొలినాళ్ళలో ఒక ఏడు చలి తీవ్రమై తోటలు దెబ్బతిన్నాయి, పనుల్లేక కూలీలు బిచ్చానికి దిగారు. అప్పుడు లూయిస్ వే అనే పాద్రీ చందాలు వసూలు చేసి, ఆ కూలీలకు కూలి ఇచ్చి, ఒడ్డు వెంట బాట వేయించాడు. రెండు మీటర్ల వెడల్పు. అంతే. అదే పెరిగి పెరిగి ఇవాళ ఏడు కిలోమీటర్ల ప్రొమెనాద్ దెజాంగ్లే అయింది. కరువు పనిగా మొదలైన బాట ప్రపంచంలో అందరికంటే పేరున్న షికారు దారి కావడం గురించి కోస్తాలో కరువు పనుల చరిత్ర తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. మన ధవళేశ్వరం ఆనకట్ట కూడా కరువుల తర్వాతనే కదా తలకెత్తుకున్నారు.

ఆ దారి మీదనే హెన్రీ నెగ్రెస్కో అనే రుమేనియా దేశస్థుడు 1913లో తన పేరుతో హోటల్ తెరిచాడు. గులాబీరంగు గోపురం ఉన్న ఆ భవనం బొమ్మ చూడనివారు తక్కువ. మరుసటేడే ప్రపంచయుద్ధం. హోటల్‌ను సైనికుల ఆస్పత్రిగా మార్చారు. నెగ్రెస్కో చితికిపోయి 1920లో కన్నుమూశాడు. హోటల్ నిలబడింది, దారి నిలబడింది. 2016 జులై 14 రాత్రి అదే దారి మీద పండగ చూస్తున్న జనం మీదికి ఒక దుండగుడు లారీ తోలాడు, 86 మంది చనిపోయారు. ఆ ఘోరం జరిగిన చోట ఊరివాళ్ళు మళ్ళీ నడుస్తున్నారు. 2021లో యునెస్కో నీస్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

షికారు కోసం కాక వేరే పనికి పుట్టిన దారుల కథ నాకు ఇంకా ఇష్టం. ఇంగ్లండు నైరుతి మూలన మైన్‌హెడ్ నుంచి పూల్ హార్బర్ దాకా 630 మైళ్ళ తీరబాట ఉంది. కొండ అంచు పట్టుకుని, ప్రతి చిన్న వంకలోకీ దిగి, మళ్ళీ ఎక్కి, అలుపు తెప్పిస్తూ పోతుంది. ఎందుకలా మెలికలు తిరుగుతుందంటే అది దొంగరవాణా పట్టుకునే తీర కాపలావాళ్ళ గస్తీ దారి. సుంకం ఎగ్గొట్టి ఫ్రాన్సు నుంచి బ్రాందీ, పొగాకు దించే పడవలు ఏ వంకలో దాక్కున్నాయో కనిపించాలంటే అంచు దాకా వెళ్ళి తొంగి చూడాల్సిందే. పందొమ్మిదో శతాబ్దంలో కాపలావాళ్ళ బూట్లు తొక్కి తొక్కి చేసిన బాటనే జాతీయ నడకదారిగా మలిచి 1978 నాటికి పూర్తి చేశారు. 2012లో వేల్స్ తన తీరం పొడవునా, 870 మైళ్ళు, బాట తెరిచింది. 2009లో చేసిన చట్టం ఇంగ్లండు తీరమంతటా నడిచే హక్కుకు దారి తీసింది.

ఫ్రాన్సులో బ్రిటనీ తీరాన సుంకం సిపాయిలు తిరిగిన బాటలదీ ఇదే కథ. అయితే ఫ్రెంచివాళ్ళు 1976 డిసెంబరులో ఇంకో అడుగు వేశారు. సముద్రం ఒడ్డునున్న ప్రైవేటు స్థలాల అంచులో మూడు మీటర్ల మేర నడిచేవాళ్ళకు వదలాలని చట్టం చేశారు. కొన్ని మినహాయింపులు తప్ప, విల్లా ఉన్నా, హోటల్ ఉన్నా మూడు మీటర్లు బాటసారివే. తీరం మీద ఇంతకంటే ఉపకారం చేసిన చట్టం నాకు తెలిసినంతలో లేదు.

ఇక మన వైపు. సింహళంలో గవర్నరుగా ఉన్న సర్ హెన్రీ వార్డ్ కొలంబోలో గాల్ ఫేస్ మైదానం ముందు సముద్రం వెంట బాట వేయించాడు. 1856లో మొదలుపెట్టి 1859లో పూర్తి చేశాడు. అక్కడ ఒక రాయి పాతించాడు, ఇప్పటికీ ఉంది. కొలంబోలోని స్త్రీలూ పిల్లల మేలు కోసం ఈ బాటను కాపాడమని తన తర్వాత వచ్చేవాళ్ళను అందులో కోరాడు. తన పేరు చెక్కించుకోవడం ఏ అధికారైనా చేస్తాడు. తన తర్వాతివాళ్ళకు పని అప్పజెప్పడం, అదీ స్త్రీలనూ పిల్లలనూ పేరు పెట్టి తలుచుకోవడం అపురూపం. ఐదేళ్ళకు, 1864లో, ఆ మైదానం దక్షిణపు కొసన గాల్ ఫేస్ హోటల్ వచ్చింది. ముందు బాట, తర్వాత హోటల్. ఆ వరుస గమనించాలి. 2022లో శ్రీలంక ప్రజలు తిండికీ ఇంధనానికీ అల్లాడి, పాలకులను దిగిపొమ్మని నెలల తరబడి గుడారాలు వేసుకున్నది ఈ మైదానంలోనే. స్త్రీలూ పిల్లల షికారు కోసం ఉంచిన జాగా కష్టకాలంలో దేశానికి సభాస్థలి అయింది.

మద్రాసు మెరీనాకూ అలాంటి చరిత్రే ఉంది. 1881 నుంచి 1886 దాకా గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ ఆ బాట వేయించి ఆ పేరు పెట్టాడు. అంతకుముందు మద్రాసులో ఓడ దిగడమంటే ప్రాణాలు అరచేతిలో పెట్టుకోవడమే. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేస్తే, కొబ్బరి తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవలు నురగ అలల మీంచి మనుషులనూ సరుకులనూ ఒడ్డుకు చేర్చేవి. రేవు కట్టడం మొదలయ్యాక ఒక వింత జరిగింది. మన తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం నుంచి ఉత్తరానికి నీటితో పాటు జరుగుతూ ఉంటుంది. రేవు గోడలు అడ్డం రావడంతో ఇసుక దక్షిణాన ఆగిపోయి పేరుకుంది. ఒకప్పుడు కోట దాపుకు వచ్చిన సముద్రం వెనక్కి వెనక్కి జరిగి, విశాలమైన మెరీనా ఇసుక మైదానం ఏర్పడింది. రేవుకు ఉత్తరాన ఉన్న రాయపురం వైపు మాత్రం ఇసుక అందక ఒడ్డు కోసుకుపోయింది. మెరీనా మీద మనం నడిచే ప్రతి గజం ఇసుకా అక్కడి జాలరిపేటల నుంచి తగ్గిన గజమే.

తెలుగు సినిమా మద్రాసులో ఉన్నన్నాళ్ళూ, తెలుగు పత్రికలు అక్కడి నుంచి వెలువడినన్నాళ్ళూ మెరీనా మనవాళ్ళకు కూడా సొంత ఒడ్డే. చలికాలపు ఒక సాయంత్రం అక్కడ నడిచి, మైలాపూరులో కాఫీ తాగి ఇంటికి పోయిన తరం ఇంకా మన మధ్య ఉంది. 2017 జనవరిలో జల్లికట్టు కోసం లక్షల మంది విద్యార్థులు చేరిందీ ఆ ఇసుకలోనే. పుదుచ్చేరిలో సముద్రపు రోడ్డు మీద సాయంత్రం కాగానే వాహనాలు ఆపేస్తారు. ఆ ఒక్క నిర్ణయంతో చిన్న ఊరు ఎంత హాయిగా మారుతుందో అక్కడ ఒక రాత్రి ఉన్నవాళ్ళకు తెలుసు.

విశాఖపట్నం దగ్గరికి వస్తే కథ తిరగబడుతుంది. 1933 డిసెంబరులో విల్లింగ్డన్ ప్రభువు రేవు ప్రారంభించాడు. అలల తాకిడి తగ్గించడానికి రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి ముంచి అడ్డుకట్ట చేశారు. మద్రాసులో ఊరు రేవుకు దక్షిణాన పరుచుకుని ఉండటం వల్ల ఇసుక లాభించింది. విశాఖలో బీచ్ రోడ్ రేవుకు ఉత్తరాన పడింది. డాల్ఫిన్స్ నోస్ కొండా, అడ్డుకట్టలూ దాటి రావలసిన ఇసుక రాక తగ్గింది. 1970లలో బయటి రేవు కట్టాక ఇబ్బంది పెరిగింది. రేవు తవ్విన ఇసుకను పైపులతో రామకృష్ణా బీచ్ మీద పోయించడం అప్పటి నుంచి పరిపాటి. ఇవాళ హోటల్ బాల్కనీలోంచి చూసి ఎంత బాగుందో అనుకునే ఆ ఇసుకలో కొంత డ్రెడ్జర్ తెచ్చి పోసిందే. పోయడం ఆలస్యమైన ఏడు అలలు రోడ్డు గోడను కొరుకుతాయి.

రేవు వచ్చి తొమ్మిదేళ్ళు నిండకుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖ మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊరు సగం ఖాళీ అయింది. ఆ యుద్ధకాలపు కాంక్రీటు బంకరు ఒకటి జాలరిపేట దగ్గర ఇసుకలో ఇంకా ఉంది. 1971 యుద్ధం జ్ఞాపకంగా బీచ్ రోడ్ మీద స్మారకం ఉంది. 2002లో కుర్సురా జలాంతర్గామిని ఒడ్డుకు లాగి మ్యూజియం చేశారు. గురజాడ, శ్రీశ్రీ మొదలైనవారి విగ్రహాలు ఆ దారి పొడవునా నిలబడి ఉన్నాయి. ఇన్ని రకాల చరిత్ర ఒకే ఫుట్‌పాత్ మీద నడిచి చూడగలిగే ఊరు దేశంలో అరుదు.

సముద్రానికి ఎదురుగా మంచి హోటళ్ళు రావడం ఇక్కడ ఆలస్యంగానే జరిగింది. దొరలు వాల్తేరు మెట్ట మీద బంగళాల్లో ఉండేవారు. మనవాళ్ళు సత్రాల్లోనో చుట్టాల ఇళ్ళలోనో దిగేవారు. 1960ల చివర్లో పార్క్ హోటల్ వచ్చాక, ఒడ్డున ఉండి ఒడ్డు చూడటమనే ఆలోచన ఇక్కడ నిలదొక్కుకుంది. తర్వాత వరుసగా ఎన్నో వచ్చాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వీటి అద్దాలన్నీ రాల్చింది, ఊళ్ళో పచ్చదనమంతా ఒక్క రోజులో మోడు చేసింది. తొట్లకొండ భిక్షువులు కొండ ఎందుకు ఎంచుకున్నారో ఆ రోజు చాలామందికి అర్థమై ఉంటుంది.

ఈ ఊళ్ళో నాకు నచ్చే నడక పొద్దుటిదే. తెల్లవారుజామున బీచ్ రోడ్ మీద వాహనాలు ఆపేస్తారు, రోడ్డంతా నడిచేవాళ్ళదే. రోడ్డు దిగి తడి ఇసుక మీదికి పోవాలి. అల వెనక్కి పోయిన వెంటనే గట్టిపడే ఆ పట్టీ మీద అడుగు దిగబడదు, పాదానికి నొప్పి తెలియదు. పెదజాలరిపేట దగ్గర అలివి వల లాగుతూ ఉంటే ఆగి తీరాలి. వల రెండు కొసలూ ఒడ్డు మీద దూర దూరంగా రెండు వరసల మనుషుల చేతుల్లో ఉంటాయి. తాడు నడుముకు తగిలించుకుని, మడమలు ఇసుకలో తన్నిపెట్టి, అందరూ ఒకే ఊపున వెనక్కి వాలుతారు. చిట్టచివరి మనిషి తాడు చుట్ట చుట్టి పెట్టి, మళ్ళీ నీళ్ళ అంచుకు వెళ్ళి మొదటి చోట పట్టుకుంటాడు. రెండు వరసలూ క్రమంగా దగ్గరవుతాయి. వల సంచి ఒడ్డుకు వచ్చేసరికి నడకకు వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగుతారు. “ఏటి పడింది తాతా?” అని ఒకావిడ అడిగితే, “నెత్తళ్ళేనమ్మా, ఇంకేటి పడతాది” అన్నాడు తాడు విడిపిస్తూ ఒక పెద్దాయన. అందులో నాలుగు కానాగంతలు కూడా మెరుస్తున్నాయి. ఆయన వాటిని పక్కకు తీసి బుట్టలో వేశాడు. అవి ఆ పూట ఇంటికి.

అక్కడి నుంచి ఉత్తరంగా పోతే కైలాసగిరి కింద రోడ్డు కొండనూ కడలినీ ఆనుకుని సాగుతుంది. తర్వాత ఋషికొండ. 2020లో నీలి జెండా గుర్తింపు పొందిన బీచ్ అది. ఇంకా పైకి తొట్లకొండ, ఆపైన ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్ళ పాటు గాలీ నీరూ పేర్చి, కోసి చేసిన ఎర్ర లోయలవి. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. చివరికి గోస్తనీ నది కలిసే చోట భీమునిపట్నం. డచ్చివాళ్ళు పదిహేడో శతాబ్దం నుంచి 1825 దాకా వ్యాపారం చేసిన రేవు అది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. డచ్చివాళ్ళ సమాధుల మీద కూచిగా లేచిన స్తంభాలు ఇప్పటికీ ఒడ్డు దాపునే ఉన్నాయి. విశాఖ నుంచి ఇంత దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. దీన్ని రెండు రోజుల నడకగా పెట్టుకుని, మధ్యలో ఋషికొండ దగ్గర ఒక రాత్రి ఆగితే, ప్రపంచంలో ఏ తీరబాటకూ తీసిపోదు. జనవరి నుంచి మార్చి దాకా అయితే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం కూడా.

ఇబ్బంది ఏమిటంటే, ఆ బాట అంతా కలిసి లేదు. కొన్నిచోట్ల ఫుట్‌పాత్ హఠాత్తుగా ఆగిపోతుంది. కొన్నిచోట్ల ప్రహరీ గోడ వచ్చి నడిచేవాడిని లారీల మధ్యకు నెడుతుంది. 1981 నవంబరులో ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు లేఖ రాసి, పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలు లేకుండా చూడమని కోరారు. 1991 ఫిబ్రవరి 19న వచ్చిన తీర నియంత్రణ ప్రకటన దానికి చట్టబలం ఇచ్చింది. ఒడ్డున కట్టే హోటళ్ళకు, రిసార్టులకు ఆ ప్రకటనలో ప్రత్యేక షరతులు పెట్టారు. వాటిలో ఒకటి పక్కపక్క రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల జాగా జనం బీచ్‌కు పోవడానికి వదలాలన్నది. తర్వాతి సవరణల్లో దూరాల లెక్కలు చాలాసార్లు మారాయి. కానీ ఆ షరతు ఇచ్చేది బీచ్ దాకా పోయే దారిని మాత్రమే. బీచ్ వెంట సాగే దారికి హామీ ఇవ్వదు. ఒకటి అడ్డంగా పోయే దారి, రెండోది పొడుగునా పోయే దారి. తీరం పొడవునా నడవాలంటే రెండోదే కావాలి.

అందుకే ఫ్రాన్సు మూడు మీటర్ల చట్టం లాంటిది మనకూ రావాలని నా కోరిక. రామకృష్ణా బీచ్ నుంచి భీమిలి సమాధుల దాకా, ఏ హోటల్ ముందూ తెగకుండా, మూడు మీటర్ల బాట. గోడలు ఉన్నచోట గోడ వెనక్కి జరగాలి. ఒడ్డు కోసుకుపోయే చోట బాట కొండవైపు మళ్ళాలి. తాబేళ్ళ కాలంలో రాత్రి దీపాలు ఆపాలి. పడవలు దించుకునే చోట, వలలు ఆరేసుకునే చోట జాలర్లకే మొదటి హక్కు ఉండాలి, అలివి వల లాగుతున్నంతసేపూ నడిచేవాడే ఆగాలి.